జలపాతం దాగి ఉన్నా, ప్రయాణం దాగకూడదు

వానలు వెనక్కి తగ్గాయి. చెరువులు మత్తడి దుంకిన చప్పుడు ఇంకా ఆగలేదు. గుట్టల మీద గడ్డి నడుమెత్తు పెరిగింది. వాగుల్లో నీళ్లు తేటపడ్డాయి. దసరా సెలవులు మొదలుకొని కార్తీకం ముగిసేదాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువతకు తిరుగుళ్ల కాలం. శనివారం సాయంత్రమైతే నాలుగైదు బైకులు, రెండు గుడారాలు, ఒక బ్లూటూత్ స్పీకర్, సంచిలో కోడి మాంసం సిద్ధం. కొందరు గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర, గాయత్రి జలపాతాల దారి పడతారు. కొందరు పెద్దపల్లి దగ్గర సబ్బితానికి, ఇంకొందరు సైదాపూర్ మండలంలోని రాయికల్ జలపాతానికి వెళతారు. అంత దూరం పోలేనివాళ్లు మధ్య మానేరు ఒడ్డునో, నర్మాల దగ్గరో, బీర్‌పూర్ మండలం రోళ్లవాగు ప్రాజెక్టు పక్కనో రాత్రికి గుడారం వేస్తారు.

ఈ సరదాను నేను తప్పుపట్టను. రోజూ ఓపీలో కూర్చునే ఫిజీషియన్‌గా చెబుతున్నాను, ముప్పై ఏళ్లకే బీపీ, ముప్పై అయిదుకే షుగర్ బయటపడుతున్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. పొద్దంతా మరమగ్గాల మోతలో నిలబడేవాళ్లు, చాట ముందు వంగి కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు, పోటీ పరీక్షల కోసం అద్దె గదుల్లో మగ్గిపోయే పిల్లలు ఉన్న ప్రాంతం మనది. అలాంటివాళ్లు నెలకో రోజు గుట్ట ఎక్కి, ఫోన్ పక్కనపెట్టి, నీటి చప్పుడు వింటూ కూర్చుంటే ఒంటికీ మంచిది, మనసుకూ మంచిది. నడకకు మించిన మందు నేను రాసే చీటీలో లేదు.

నా పేచీ అంతా దాపరికంతోనే. ఇప్పుడు ‘హిడెన్ వాటర్‌ఫాల్’ అన్న మాటకు పెద్ద గిరాకీ. ఎవరూ చూడని చోటు చూసి రావడమే గొప్ప. అంతవరకు ఫర్వాలేదు. కానీ చోటుతో పాటు ప్రయాణాన్నీ దాచేస్తున్నాం. ‘ఫ్రెండ్ రూములో పడుకుంటా’ అని ఇంట్లో చెప్పి అడవికి వెళుతున్నాం. మూర్ఛ ఉన్న సంగతి స్నేహితుల దగ్గర దాస్తున్నాం. వచ్చాక జ్వరం పట్టుకుంటే ఎక్కడికి వెళ్లామో డాక్టరుకూ చెప్పడం లేదు. నీటి లోతు, పాము విషం ఎంత ప్రమాదకరమో, ఈ దాపరికం వల్ల చేజారే గంటలు అంతే ప్రమాదకరం.

ఊరందరికీ తెలిసిన విహారం

శరత్కాలంలో నీటి ఒడ్డుకు చేరడం మనకు కొత్తేమీ కాదు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూల కోసం పిల్లలు గుట్టలెక్కేవారు. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా చెరువు కట్ట మీదే ఉండేది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు ఉండనే ఉన్నాయి. ఆ విహారాలన్నిటికీ ఒక రక్షణ ఉండేది. ఎవరు ఎక్కడికి వెళ్లారో ఊరికి తెలుసు. తూము తెరిచే నీరటికి చెరువు ఏ మూల ఎంత లోతుందో తెలుసు. వల వేసే గంగపుత్రులు, ముదిరాజ్‌లు ఒడ్డునే ఉండేవారు. చీకటి పడే వేళకు ఒక పిల్లాడు ఇంటికి రాకపోతే వెతకడానికి పదిమంది బయల్దేరేవారు, ఎటు వెళ్లాలో తెలిసి బయల్దేరేవారు.

ఇప్పుడు వెళ్లేవాళ్లది ఆ ఊరు కాదు. ఆ నీటితో పరిచయం లేదు. ఒడ్డున తెలిసిన మనిషి ఉండడు. దారి చూపేది ఇన్‌స్టాగ్రామ్ రీల్. ముప్పై సెకన్ల ఆ వీడియోలో జలపాతం అందం కనిపిస్తుంది గానీ, అక్కడ సిగ్నల్ ఉందా, రోడ్డు ఎంత దూరం, పాము కాటుకు మందున్న ఆసుపత్రి ఎక్కడ అన్నవి కనిపించవు.

రెండు రాయికల్‌లు

ఒక్క ఉదాహరణ చెబుతాను. జగిత్యాల జిల్లావాళ్లకు రాయికల్ అంటే మన మున్సిపాలిటీ, మన మండల కేంద్రం. జలపాతం ఉన్న రాయికల్ మాత్రం కరీంనగర్ జిల్లా సైదాపూర్ మండలంలో ఉంది. గాయపడిన స్నేహితుణ్ని ఒడిలో పెట్టుకుని వణుకుతున్న కుర్రాడు ఫోన్లో ‘అన్నా, రాయికల్ దగ్గర ఉన్నాం, తొందరగా రండి’ అంటే వినేవాళ్లు ఏ రాయికల్ అనుకోవాలి? మండలం, జిల్లా పేరు చెప్పకపోతే అంబులెన్సు బయల్దేరే ముందే విలువైన నిమిషాలు పోతాయి. రీల్‌లో పెట్టిన ముద్దుపేరుతో పిలిచే జలపాతమైతే చెప్పనే అక్కర్లేదు.

108 సేవ 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలై దేశానికి దారి చూపింది. అది రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. జలపాతం నుంచి రోడ్డుదాకా మనిషిని మోసుకురావాల్సింది తోటివాళ్లే. గంట నడిచి చేరుకున్న చోటు నుంచి మనిషిని మోసుకుంటూ తిరిగి రావాలంటే రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎవరూ చూడని జలపాతం అంటే అంబులెన్సు డ్రైవరూ చూడని జలపాతమే.

2023 జులై 26న ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతం చూసి తిరిగి వస్తున్న సుమారు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన వాగు వచ్చేసరికి పొంగింది. అధికారులకు ఫోన్ ద్వారా సమాచారం అందింది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం రాత్రికి రాత్రే వెళ్లి తెల్లవారేలోపు వాళ్లను బయటికి తెచ్చింది. అది నడి వానాకాలం. శరత్కాలంలో అలాంటి ముప్పు లేదనుకుంటే పొరపాటే. అక్టోబరులో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రానికి ఉరుములతో కుండపోత కురవడం మనకు తెలిసిందే. ఎగువన కురిసిన వాన మన నెత్తిన ఒక్క చుక్క పడకుండానే వాగును నింపుతుంది. తేట నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా క్షణం ఆగకుండా ఎత్తుకు ఎక్కాలి. వాగు అవతల ఇరుక్కుంటే దాటే ప్రయత్నం చేయకుండా తెల్లవారేదాకా కూర్చోవడమే తెలివి.

నిలకడగా కనిపించే నీరు

2021 నవంబరులో సిరిసిల్లలో బడి పిల్లలు మానేరు చెక్‌డ్యామ్ దగ్గర ఈతకు దిగారు. ఒకేసారి పలువురు మునిగిపోయారు. వరద లేదు, వాన లేదు. అది కార్తీక మాసపు నిలకడ నీరు. ఊరి పక్క వాగే. ఆ ఇళ్లలో ఇప్పటికీ ఆ సోమవారాన్ని మరచిపోయినవాళ్లు ఉండరు.

మన నీళ్ల సంగతి మనమే తెలుసుకోవాలి. మానేరులో ఇసుక తవ్విన గుంతలు ఉంటాయి. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నవాడు ఒక్క అడుగు పక్కకు వేస్తే నిలువు లోతులో పడతాడు. మధ్య మానేరు కింద మునిగిపోయిన ఊళ్లున్నాయి. వాటి బావులు, ఇళ్ల పునాదులు నీటి అడుగునే ఉన్నాయి. పైకి అద్దంలా కనిపించే ఒడ్డు అందుకే నమ్మదగ్గది కాదు. ఇక జలపాతం కింది గుండం తీరు వేరు. ఎత్తు నుంచి పడే నీరు అడుగుకు పోయి సుడి తిరుగుతుంది. నురగ నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి కాబట్టి అది మనిషిని తేల్చలేదు. చెరువులో బాగా ఈదేవాడు కూడా అక్కడ చేతులెత్తేస్తాడు. చుట్టూ బండల మీద పాకుడు. సెల్ఫీ కోసం ఒక్కడు జారితే, వాణ్ని పట్టుకోబోయి ఇంకొకడు, ఆ తర్వాత మరొకడు.

డ్యాముల దిగువన ఉండే ప్రమాదం ఇంకొకటి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా పైనున్న డ్యాము నుంచి నీరు వదిలారు. మన ప్రాజెక్టుల గేట్ల కింద, మత్తడి కింద, కాల్వల్లో స్నానాలు చేసేటప్పుడు ఆ దృశ్యం గుర్తుండాలి.

మునుగుతున్న మనిషి సినిమాల్లోలా కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతుంటుంది, అరిచేంత ఊపిరి ఉండదు. అందుకే పక్కనున్నవాళ్లకు తెలియదు. ఎవరైనా మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దు. తాడు, చున్నీ, లుంగీ, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది విసరండి. ఒడ్డుకు తెచ్చాక మన దగ్గర ఇంకా కొనసాగుతున్న అలవాట్లు రెండు ఉన్నాయి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి తిప్పడం ఒకటి, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఇంకొకటి. రెండూ మానాలి. కడుపులోంచి వచ్చే నీరు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊదుతూ సహాయం వచ్చేదాకా ఆపకుండా కొనసాగించాలి. మెదడు ప్రాణవాయువు లేకుండా ఓర్చుకునేది నాలుగైదు నిమిషాలే. ఆ నిమిషాల్లో డాక్టరు ఉండడు, మీరే ఉంటారు. లేచి కూర్చుని ‘నాకేం కాలేదు’ అన్నా సరే, నీళ్లు మింగి దగ్గుతున్నవాణ్ని ఆసుపత్రిలో చూపించాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవుతుంది.

ఇక్కడ దాపరికం చంపే తీరు ఒకటుంది. మూర్ఛ వ్యాధికి మందులు వాడే యువకులు, యువతులు మన పట్టణాల్లో చాలామందే ఉన్నారు. పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంటివాళ్లు ఆ మాట బయటికి రానివ్వరు. రాత్రంతా నిద్ర లేకపోవడం, మద్యం, మాత్ర మరిచిపోవడం, ఈ మూడూ మూర్ఛను రేపేవే. మూడూ క్యాంపింగ్ రాత్రి ఒకేచోట చేరతాయి. మర్నాడు నీళ్లలో ఉండగా ఫిట్స్ వస్తే అర అడుగు లోతు చాలు. బృందంలో ఒక్కరికైనా చెప్పండి. ఒడ్డున కూర్చుని పాదాలు తడుపుకుంటే సరిపోతుంది. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లకూ ఇదే మాట. ఖాళీ కడుపుతో గుట్ట ఎక్కితే షుగర్ పడిపోతుంది. తూలుతున్నవాణ్ని తాగాడనుకుని వదిలేస్తారు. వాడి జేబులో చక్కెర ఉందని, వాడికి షుగర్ ఉందని పక్కవాడికి తెలియాలి. నలభై దాటినవాళ్లకు గుట్ట ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కినా, చెమటలు పోసినా అక్కడే ఆగిపోవాలి. ‘గ్యాస్ కావచ్చులే’ అని పైకి ఎక్కొద్దు.

నేల మీద పడక

గుడారం రాత్రి సంగతికొద్దాం. భారత్‌లో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది. అంతకుముందు జరిగిన మరో దేశవ్యాప్త అధ్యయనంలో మూడొంతులకు పైగా మరణాలు ఆసుపత్రి బయటే జరిగాయని తేలింది. మందు లేక కాదు, మందు దగ్గరికి చేరక.

క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది కట్లపాము గురించి. ఇది రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండటం, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. పక్కవాళ్లు ‘రాత్రి ఎక్కువైంది, ఇంకా దిగలేదు’ అనుకుంటారు. కాసేపటికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నేల మీద పడుకున్నవాడికి తెల్లారేసరికి రెప్పలు వాలితే, పామును ఎవరూ చూడకపోయినా, పాము కాటుగానే భావించి ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపింజరి కరిస్తే తీరు వేరు. వాపు, తీవ్రమైన నొప్పి, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం. ఆ విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

కాటు పడిన చేయిని, కాలిని విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండా కర్రతో కట్టండి. ఉంగరాలు, కడియాలు, మొలతాడు, కాలి దారాలు తీసేయండి. మనిషిని నడిపించొద్దు, మోసుకురండి. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం వేయించడం అన్నీ హాని చేసేవే, లేదా సమయం తినేవే. పామును పట్టుకోవడానికో చంపడానికో వెనకబడొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే ఇంజెక్షన్ పనిచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. దేశంలో పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం చేరాలంటే ఆసుపత్రిలో మందుతో పాటు, మనిషి ఆసుపత్రికి వేళకు చేరే దారి కూడా ఉండాలి.

పడుకునేటప్పుడు జిప్పు పూర్తిగా మూసే, అడుగు కుట్టిన గుడారమే వాడండి. నీటి అంచుకు, పుట్టలకు, రాళ్ల కుప్పలకు, కోసిన వరి చేల గట్లకు దూరంగా వేయండి. మిగిలిన అన్నం, మాంసం గుడారం దగ్గర పారేస్తే ఎలుకలు వస్తాయి, వాటి వెనక పాము వస్తుంది. రాత్రి బయటికి వెళితే టార్చి, బూట్లు తప్పనిసరి. చలిగా ఉందని బొగ్గుల కుంపటిని గుడారంలో పెట్టుకుని జిప్పు వేసుకోవద్దు. కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జలపాతాల పక్క బండలకు పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. వాటి కింద పొయ్యి పెట్టినా, రాళ్లు విసిరినా ఈగలు లేస్తాయి. ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. కుట్టాక పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా అది ప్రాణాపాయమైన అలర్జీ. పదుల సంఖ్యలో కుడితే బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి రావాలి.

పది రోజుల తర్వాత వచ్చే జ్వరం

సరదాగా వెళ్లి క్షేమంగా ఇంటికి చేరినవాళ్లతో కూడా నాకు పని ఉంటుంది. వారం, పది రోజుల తర్వాత వాళ్లు జ్వరంతో వస్తారు. ఒక యువకుడి సంగతి చెబుతాను. ఆరు రోజులుగా జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డెంగీ అని బయట సెలైన్లు ఎక్కించారు. తగ్గలేదు, ఆయాసం మొదలైంది. ‘ఎక్కడికైనా వెళ్లావా?’ అంటే లేదన్నాడు. పక్కనే తల్లి ఉంది. ఆమెను మందుల చీటీతో బయటికి పంపి మళ్లీ అడిగితే అసలు సంగతి చెప్పాడు. రెండు వారాల క్రితం స్నేహితులతో అడవిలో జలపాతానికి వెళ్లి, గడ్డిలో పడుకున్నాడు. నడుము పట్టీ కింద వెతికితే సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చిన్న పుండు, నొప్పి లేనిది. స్క్రబ్ టైఫస్. తగిన మాత్ర మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఈ జబ్బును పొదల్లో, గడ్డి అంచుల్లో ఉండే నల్లిలాంటి అతి చిన్న పురుగు పిల్లలు అంటిస్తాయి. కుట్టినట్టు కూడా తెలియదు. సుమారు 6 నుంచి 20 రోజుల తర్వాత జ్వరం వస్తుంది. వానలు తగ్గే ఈ కాలంలోనే ఎక్కువ. పుండు చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద దాగి ఉంటుంది కాబట్టి ఒళ్లంతా చూస్తే గానీ దొరకదు. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుకు లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. అలాంటిదే లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలో, బురదలో గాయాలున్న కాళ్లతో తిరిగితే వస్తుంది. జ్వరంతో పాటు పిక్కల్లో విపరీతమైన నొప్పి, ఎర్రబడిన కళ్లు, ఆ తర్వాత కామెర్లు, మూత్రం తగ్గడం దీని గుర్తులు. వాగు నీళ్లు తేటగా ఉన్నాయని తాగితే టైఫాయిడ్, కామెర్లు కూడా వెంట రావచ్చు.

ఈ జ్వరాలన్నీ మొదట్లో డెంగీలాగే కనిపిస్తాయి. వాటిని విడదీసే మొదటి పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. ‘గత మూడు వారాల్లో ఎక్కడికి వెళ్లావు?’ అన్న ప్రశ్నే ఆ పరీక్ష. నిజం చెబితే సగం రోగం దొరికినట్టే. డాక్టర్లకూ నా మాట ఒకటి. తల్లిదండ్రుల ఎదుట పిల్లలు ఈ జవాబు చెప్పరు. రెండు నిమిషాలు వాళ్లతో ఒంటరిగా మాట్లాడాలి, చెప్పింది ఇంట్లో చెప్పబోమని మాటివ్వాలి.

నిషేధం ఒక్కటే మందు కాదు

ఎక్కడైనా ఒక ప్రాణం పోగానే మనం చేసే పని ‘ప్రవేశం నిషేధం’ అని బోర్డు పెట్టడం. కొన్నిచోట్ల అది సరైనదే. కవ్వాల్‌ను 2012లో పెద్దపులుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదనడం పులుల కోసమూ, మనుషుల కోసమూ. దానిపై వాదన అక్కర్లేదు. ప్రవాహం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఏ జలపాతాన్నైనా మూసేయాల్సిందే. కానీ అన్నిచోట్లా, అన్ని రోజులూ నిషేధమే అంటే కుర్రాళ్లు ఆగరు. బోర్డు లేని ఇంకో జలపాతాన్ని, ఇంకాస్త లోపల ఉన్నదాన్ని వెతుక్కుంటారు. ప్రమాదం జరిగితే కేసవుతుందని ఫోన్ చేయడానికీ జంకుతారు. నిషేధం అక్కడ దాపరికాన్ని పెంచుతుంది. నేను భయపడేది దానికే.

తెరిస్తే జనం ఎగబడి చోటును పాడుచేస్తారన్న మాటలో నిజం ఉంది. అందుకే అన్నీ తెరవమనడం లేదు. ప్రతి జిల్లాలో రెండు మూడు చోట్లు ఎంచి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పద్ధతిగా నడపండి. ఆ ఊరి మత్స్య సహకార సంఘంలో ఈత, లోతు తెలిసిన యువకులకు ప్రాణరక్షణలో శిక్షణ ఇచ్చి కాపలా పెట్టండి. పార్కింగ్ రుసుముతో వాళ్ల కూలి వెళుతుంది. ఒడ్డున తాడు, గాలి ట్యూబులు, లోతు గుర్తులు, ‘ఇక్కడి నుంచి దిగొద్దు’ అని గీత ఉండాలి. మద్యం సీసాలు గేటు దగ్గరే ఆగాలి. గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగాలి, అది గుడారాలు వేసేచోటికి వినపడాలి.

ఇంకా తేలికైన పని బోర్డు మీది రాత మార్చడం. ‘ప్రమాదం’ అన్న ఒక్క మాట చాలదు. ఈ చోటు ఏ గ్రామం, ఏ మండలం, ఏ జిల్లా, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది, అంబులెన్సు ఎందాకా రాగలదు, పాము కాటు మందుతో 24 గంటలూ డాక్టరుండే ఆసుపత్రి ఏది, ఈ నాలుగు సంగతులు పెద్ద అక్షరాల్లో రాయాలి. జగిత్యాలలో, సిరిసిల్లలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి విద్యార్థులు డిగ్రీ, జూనియర్ కళాశాలలకు వెళ్లి దసరా సెలవులకు ముందే ఒక్క పూట సీపీఆర్ నేర్పితే, ఆ పూటకు ఖర్చు ఒక బొమ్మ, ఒక చాప.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొడుకో కూతురో జలపాతానికి వెళతామంటే వెంటనే ‘వద్దు’ అనకండి. ఎవరెవరు, ఎక్కడ, ఎప్పుడు తిరిగొస్తారు అని అడగండి. వద్దంటే చాలామంది ఆగరు, చెప్పడం మానేస్తారు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఏదైనా జరిగినప్పుడు మొదటి ఫోన్ ఇంటికి చేయడానికి భయపడే పరిస్థితి తేవొద్దు. తిట్టడానికి తర్వాత చాలా టైముంటుంది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇంతే. బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసి ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. వెళ్లే చోటు, దాని గ్రామం, మండలం, జిల్లా. వెంట ఉన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికైనా జబ్బుంటే అది. తిరిగి వచ్చే సమయం, అది దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే 112కు చెప్పమన్న మాట. దగ్గరి పెద్ద ఆసుపత్రి. బృందంలో ఒక్కరైనా మద్యం ముట్టకుండా ఉండండి. ఒక ఫోన్‌ను ఛార్జింగ్‌తో ఆపి పక్కన పెట్టండి. జలపాతం దగ్గర మధ్యాహ్నం దాటాక ఉండొద్దు. వచ్చాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే ఆ కాగితాన్నే తెచ్చి డాక్టరుకు చూపించండి.